పుండు నుంచి పుట్టిన మాట

"ఈయన నోట్లోంచి ఆ ఒక్క మాటా తీసేయండమ్మా. ఇంకే మాట నేర్పినా సరే, మీకు పుణ్యముంటుంది," అంది మంగతాయారు, కుర్చీలో ఇంకా సరిగా కూర్చోకుండానే.

పక్కన ఆవిడ భర్త పరంధామయ్య మాస్టారు, చచ్చుబడిన కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, గోడ మీది క్యాలెండరు చూస్తూ "సారీ" అన్నారు.

"ఇదిగో, ఇదే!"

పక్షవాతం వచ్చి మూడు నెలలు. కాలు కాస్త స్వాధీనంలోకి వచ్చింది గానీ, ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు పాఠాలు చెప్పిన నోటికి ఈ ఒక్క మాటే మిగిలింది. ఆ వారంలో రెండు బందులు పోను దొరికిన మంగళవారం నాడు, నాచారం నుంచి ఆటోలో ఆయన్ని ఉప్పల్ తీసుకొచ్చింది మంగతాయారు. పడిపోయిన మాటను మళ్ళీ నేర్పే ప్రజ్ఞ అనే అమ్మాయి క్లినిక్ అక్కడే ఉంది.

"మంచినీళ్ళు కావాలన్నా సారీ. ఫ్యాను వేయమన్నా సారీ. పాలవాడికి సారీ, పిట్టగోడ మీద కాకికి సారీ! మా ఫ్లాట్స్‌లో అందరూ ఏమనుకుంటున్నారో తెలుసా? ఈవిడ మొగుణ్ణి ఎంత రాచిరంపాన పెట్టిందో, నోరు పడిపోయినా పాపం సారీ చెప్పడం మానలేదని. ఇందాక ఆటో అతను కూడా, 'ఏందమ్మా, పెద్దాయనను గింత భయపెట్టినవ్?' అన్నాడు."

ప్రజ్ఞకు నవ్వొచ్చింది. ఆపుకుంది. "ఒక మాట తీసేసుడు మా చేతుల ఉండదమ్మా. దానికి గంత ఫికర్ ఎందుకు? మంచి మాటే గదా."

"మంచి మాటే! పెళ్ళయిన ముప్పై నాలుగేళ్ళలో నాకు ఒక్కసారి కూడా చెప్పని మాట."

చెప్పించుకోలేదు గానీ, ఆ మాట గురించి మంగతాయారుకు తెలిసినంత ఎమ్మే చదివినవాళ్ళకు కూడా తెలియదు. ముందుగదిలో ట్యూషన్, వెనక వంటిల్లు. మాస్టారి పాఠాలన్నీ పోపుగింజల చిటపటల మధ్య ఆవిడ చెవిన పడుతూనే ఉండేవి.

"క్షమించమనడానికీ ఆ మాటే, అయ్యో పాపం అనడానికీ ఆ మాటే. వినపడలేదు, మళ్ళీ చెప్పమనడానికీ అదే. దిక్కుమాలిన బతుకు అనడానికీ అదేనట. అర్థాలెన్ని ఉన్నా, పుట్టింది మాత్రం పుండు అని అర్థమున్న పాత ఇంగ్లీషు మాట నుంచట. ఆలస్యంగా వచ్చిన పిల్లలు సారీ సార్ అంటే ఒప్పుకునేవారు కాదు. 'ఎక్కడ పుండు పడిందో చూపించు, అప్పుడు చెప్పు. నొప్పి లేకుండా ఆ మాట వాడకూడదు' అనేవారు. మరి నా పుండు కనిపించలేదా అమ్మా ఆయనకి?"

మాస్టారు ఆవిడ కొంగు పట్టుకు లాగి "సారీ" అన్నారు. ఆవిడ అటు చూడకుండానే సంచిలోంచి నీళ్ళసీసా తీసి, మూత విప్పి, ఆయన ఎడమచేతికి అందించింది.

"ఏమైందమ్మా?" అంది ప్రజ్ఞ.

"కింద ఫ్లాట్లోకి కొత్తగా వచ్చినవాళ్ళు కాఫీకి పిలిచారు. పదిమందిలో ఈయన, 'మా ఆవిడకి గ్యాస్ బుక్కు తప్ప ఇంకో బుక్కు తెలియదు' అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక, ఒక్కసారి సారీ చెప్పండి చాలన్నాను. ఇంత చిన్నదానికి ఆ మాట వాడనన్నారు. పుండు మీద కారం చల్లినట్టయింది. రెండు రోజులు నేను మాట్లాడలేదు, ఆయన మాట చెవిన పడనివ్వలేదు. మూడో రోజు పొద్దున పడిపోయారు. ఇప్పుడేమో కాకిక్కూడా చెబుతున్నారు. నాకు రావలసింది ఊరందరికీ పంచుతుంటే చూడలేకపోతున్నానమ్మా."

ఫైలు తిప్పుతున్న ప్రజ్ఞ ఆగింది.

"జర యాది చేసుకోండమ్మా. స్ట్రోక్ వచ్చేటప్పుడు నోట్లె ఏ మాట ఉంటదో, కొందరికి అదే మిగిలిపోతదని పెద్ద డాక్టర్లు అంటరు. అందరికీ గట్లనే అని చెప్పలేం. పడిపోయినప్పుడు సారు ఎవరితోని మాట్లాడుతుండె? ఫోన్ల ఉన్నరా?"

"ఫోనా? లేదే."

"ఇంటికి ఎవరన్న వచ్చిన్రా?"

"ఎవరూ రాలేదు. మేమిద్దరమే. వంటింట్లో పడిపోయారు."

"వంటింట్లకు ఎందుకొచ్చిన్రు?"

కాఫీ అయినా సరే కుర్చీ దగ్గరికే రావాలనే మనిషి. ముప్పై నాలుగేళ్ళలో వంటింటి గడప తొక్కని మనిషి. ఆ రోజు మంచినీళ్ళ కోసం వచ్చి ఉంటారని, ఇన్నాళ్ళూ తనకు తనే చెప్పుకుంది మంగతాయారు.

"అప్పుడు మీరు ఎక్కడున్నరమ్మా?"

"అక్కడే. గట్టు దగ్గర. అటు తిరిగి నిలబడ్డాను."

"మరి సారు ఏమన్నరో వినపడలేదా?"

మంగతాయారు భర్త వైపు తిరిగింది. మూడు నెలల్లో మొదటిసారి ఆయన కళ్ళలోకి చూసింది. ఆయన సీసా దించి, తడిసిన పెదవులతో మళ్ళీ అదే మాట అన్నారు. ఈసారి ఆయనకు ఏం కావాలో వెతకడానికి ఆవిడ చేతులు కదలలేదు.

"వినపడకూడదనే," అంది, "వెనకాల ఆయన అడుగుల చప్పుడు వినగానే మిక్సీ వేశానమ్మా."