ఆకులకి స్నానం

ఉగాది ముందు పెట్టే కాలనీ తోటల పోటీకి జడ్జి గారు వచ్చే పొద్దున్న కూడా శ్రీరామ్మూర్తి తడిగుడ్డతో క్రోటన్ల ఆకులు తుడుస్తూనే ఉన్నాడు. హార్బరు దగ్గరి కాలనీ కదా, గాలి ఇటు తిరిగితే చాలు, బొగ్గుపొడి వచ్చి ఆకుల మీద కాటుకలా పేరుకుంటుంది.

పోటీ కోసం పెరటి కుండీలన్నీ వాకిట్లోకి మోశాడు. గులాబీలు ముందుకి, వంగమొక్కలు వెనక్కి. బట్టలారేసే తాడు కూడా విప్పేశాడు.

"నా మంచి చీర సింపేసి ఆకులు తుడుత్తన్నారేటి? నా మొహం ఎప్పుడైనా ఇలా తుడిసేరా?" అంది భార్య కుసుమకుమారి.

"ఫస్టు ప్రైజు రానీ, నీకూ తుడుస్తాను."

జడ్జి గారు ఆ కాలనీలోనే పుట్టి, అక్కడే రిటైరైన పెద్దమనిషి. ఒక ఆకు మీద వేలు రాసి, ఆ వేలు చూసుకున్నారు. మసి అంటలేదు.

"ప్లాస్టిక్ మొక్కలు పోటీకి పనికిరావయ్యా," అన్నారు.

"అయ్యో, నిజం మొక్కలండీ బాబూ! గిల్లి చూడండి!"

"నాకు సెప్తావేటి? పుట్టి బుద్ధెరిగినకాడినుంచి ఇక్కడే ఉంటన్నాను. మన కాలనీలో పచ్చటి ఆకు ఎక్కడుందయ్యా?"

ప్రైజు పక్కింటి మందారానికి వెళ్లింది. మసి కింద దాని ఆకేదో కొమ్మేదో పోల్చుకోవడం కష్టం.

మర్నాడు శ్రీరామ్మూర్తి గుడ్డ ముట్టుకోలేదు. సాయంత్రానికల్లా మొక్కలన్నీ నిజం మొక్కలైపోయాయి.