కంప్యూటరు విన్న గొంతు

పెద్ద డాక్టరు గారికి, చదువు రాని ముసలిదాన్ని, కోడలి చేత రాయిస్తున్న ఫిర్యాదు.

మీ ఆసుపత్రికి వచ్చిన కొత్త కంప్యూటరు మాట వింటే చాలు, గొంతులో క్యాన్సర్ ఉందో లేదో చెప్పేస్తుందట. నాకు ఉండొచ్చంది. ఏం చెవులండీ దానివి! నేను మేడ మీంచి కేకేస్తే వీధి చివర బస్సు ఆగుతుంది. తర్వాత మీరే ముక్కులోంచి గొట్టం దింపి చూసి, "మామ్మగారూ, మీ గొంతు శుభ్రంగా ఉంది" అన్నారు. మరి ఆ డబ్బాకి సిగ్గు లేదా?

పైగా దాని దర్జా చూడండి. తెర మీద నాలుగు వాక్యాలు వేసి చదవమంటుంది. నాకు అక్షరమ్ముక్క రాదు. అదేదో ఫారం అనుకుని, నర్సు అటు తిరగగానే నా బదులు కోడలే చదివేసింది, ఆర్నెల్లుగా వదలని ఆ బొంగురు గొంతుతో.

ఇక్కడ కోడలు కలం ఆపేసింది.

"ఏమే, చెయ్యి నొప్పా? రాయి."

"అత్తయ్యా, అది విన్నది నా గొంతు."

డాక్టరు గారూ, పైన డబ్బా చెవుల్ని తిట్టిన తిట్లు, ఆర్నెల్లు పక్కనే ఉండి వినని నా చెవులకి చెల్లుతాయి. రేపు పొద్దున్నే దీన్ని లాక్కొస్తున్నాను. ఆ గొట్టం సిద్ధంగా ఉంచండి.