వెర్లిన్ ఇంటి ముందు బురద

అరిజోనా ఎడారిలో ఏ ఊరి లెక్కలోకీ రాని చోటు మాది. జిల్లాలో రోడ్లూ నీళ్లూ మంజూరు చేసే కౌంటీ సూపర్‌వైజర్, బతిమాలగా బతిమాలగా రోడ్డు చూడ్డానికి వచ్చాడు. అతని కారు వెర్లిన్ ఇంటి ముందే బురదలో దిగబడింది.

"చూశారుగా సార్, ఇదీ మా బతుకు," అంటూ వెర్లిన్ ట్రాక్టరు కట్టి కారు లాగాడు.

సూపర్‌వైజర్ బూట్లు దులుపుకున్నాడు. "రోడ్డు సంగతి తర్వాత చూద్దాం. మంచినీళ్ల పైపు కావాలని అర్జీ పెట్టారే, అది మాత్రం కొట్టేస్తున్నా. రోడ్డు మీదే ఇన్ని నీళ్లుంటే ఇక పైపెందుకయ్యా?"

అతను వెళ్లాక వెర్లిన్ భార్య లొరెట్టా గిన్నెలు కడగబోతే, ఇంటి ట్యాంకు కుళాయిలో చుక్క రాలేదు.

"నిన్ననే కదా టౌను నుంచి ట్యాంకు నిండా తెచ్చావు. నీళ్లేవీ?"

"వానే పడని చోట అంత బురద ఊరికే వస్తుందా మరి," అని గొణిగాడు వెర్లిన్.