రామసుబ్బమ్మ క్యారేజీ

"ఛీ! ఏందయ్యా ఇది, కుడితా?"

గిన్నె మూత తీస్తూనే రామసుబ్బమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. కొర్రలు, పెసలు, వేరుశనగలు, గుడ్డు కలిపి ఉడికించిన ఆస్పత్రి జావ. వాళ్ళ మందలోని ముసలి పొట్టేలు దీన్ని చూస్తే ఉదయగిరి కొండెక్కి మళ్ళీ దిగదు.

"నేను మాత్రం తాగతానా?" కిటికీ పక్క మంచం మీద ఆమె మొగుడు ఓబులయ్య ఆముదం తాగిన మొహం పెట్టాడు. "రోజూ కిటికీలోంచి కుక్కకు పోస్తా ఉండా."

అతని కాలి షుగరు పుండు మానకపోతే పాదం తీసేయాలన్నారు డాక్టర్లు. అందుకే రామసుబ్బమ్మ ఆత్మకూరులో చెల్లెలింట్లో మకాం వేసి పూటపూటా క్యారేజీ మోస్తోంది. నెయ్యి కారే అన్నం, తలకాయ పులుసు.

జావల సంగతి చూసే అశ్విత వచ్చింది. "బయటి తిండి పెట్టొద్దు పెద్దమ్మా. ఇక్కడా ఉదయగిరిలోనూ డాక్టర్లు, నర్సులు, మేమూ కలిసి పరిశోధన చేస్తున్నాం. ఈ జావతో పుండ్లు త్వరగా మానుతున్నాయి."

"అంతమంది చదువుకున్నోళ్ళు ఏకమై కాచింది ఈ కుడితా పాపా?"

అశ్విత నవ్వి వెళ్ళిపోయింది.

"నర్సు చూస్తే గోల జేస్తాది. నువ్వు వాకిట్లో అటు తిరిగి నిలబడు," అన్నాడు ఓబులయ్య.

ఆమె కోటకు కాపలా ఉన్నట్టు నిలబడింది. తిరిగి చూసేసరికి క్యారేజీ కడిగినట్టుంది.

"పులుసు చుక్క కూడా మిగల్లేదే!" అని మురిసిపోయింది.

రోజూ అదే తంతు. ఒకనాడు డాక్టరు కట్టు విప్పి, "పాదానికి ఢోకా లేదు, ఇంటికెళ్ళొచ్చు," అన్నాడు.

"మా జావ పనిచేసింది!" అంది అశ్విత.

"థూ! నీ జావంతా కుక్క పాలైంది పాపా. కాలు నిలబెట్టింది నా పులుసు."

ఓబులయ్య ఫ్యాను వంక చూస్తూ కూర్చున్నాడు.

అశ్విత అయినా వదలకుండా దారికని గిన్నెడు జావ చేతిలో పెట్టింది. రామసుబ్బమ్మ ఒక చేత్తో ఆ గిన్నె, ఇంకో చేత్తో నిండు క్యారేజీ పట్టుకుని వెనక గోడ వైపు నడిచింది.

"అటెందుకే? ఆటో ఇటుండాది, రా!" ఓబులయ్య గొంతు ఎందుకో కీచుగా వచ్చింది.

ఆమె వింటేనా! కిటికీ కింద ఓ కుక్క పీపాలా దొర్లుతోంది.

"చూడయ్యా, ఈ మురుగు తాగి ఎట్లా ఉబ్బినాదో! ఇదిగో, నీ జావ." గిన్నె దాని ముందు పెట్టి, క్యారేజీ పక్కన దించింది.

కుక్క జావను వాసన చూసి మొహం తిప్పుకుని, క్యారేజీ ముందు కూర్చుని తోకాడించింది.