ఇరవైకి ఇరవై

“కెటిల్ ముట్టుకోవద్దని ఇరవై రెండేళ్లుగా గోడకు రాసిపెట్టి, ఇవాళ దానితోనే పరీక్షా?” ఆస్పత్రి వంటగదిలో బెరిల్ గొంతు ఖంగుమంది.

“వార్డు నిబంధన వార్డుది, పరీక్ష పరీక్షది,” అంది పరీక్ష పెట్టడానికి నగర కౌన్సిల్ తరఫున వచ్చిన మిసెస్ హార్‌గ్రీవ్, కాగితాల మీదినుంచి తల ఎత్తకుండానే. “ఒక టీ పెట్టుకోలేనివాళ్లు ఇల్లేం నడుపుతారు? మొదలుపెట్టు నోరీన్ తల్లీ.”

బెరిల్ అక్క నోరీన్‌కు యాభై మూడేళ్లు. జబ్బేమీ లేదు, ఏదైనా నిదానంగా అర్థమవుతుంది, అంతే. ఆ నేరానికే ఈ వార్డు. నెగ్గితే బెరిల్ ఉండే వీధికి పక్క వీధిలో ఒక చిన్న ఇల్లు, తోడుగా ఒక సహాయకురాలు. ఓడితే మరో ఏడాది ఇక్కడే.

నోరీన్ నీళ్లు పట్టింది, మరగబెట్టింది. టీ పాట్‌ను వేడినీటితో తొలిపి పారబోసింది. ఆకు వేసి, నీళ్లు పోసి, పెదవులు కదుపుతూ రెండు వందల దాకా లెక్కపెట్టింది. నాలుగు కప్పులు నింపి, పాలు చివర్న కలిపింది. బల్ల మీద చుక్క పడలేదు.

“అబ్బో, పాలు చివర్న, పెద్దింటి పద్ధతిలో!” అంది నర్సు జోసీ. “మా అత్తగారు చూసిందంటే నన్ను తరిమేసి నిన్ను కోడల్ని చేసుకుంటుంది.”

“బెరిల్ నేర్పింది,” అంది నోరీన్ సిగ్గుపడుతూ. “ఉత్త కెటిల్‌తో. ఆదివారాలు.”

మిసెస్ హార్‌గ్రీవ్ టీ రుచి చూసి, కలం మూసింది. “ఇరవైకి ఇరవై.”

బెరిల్ అక్కను కావలించుకుని ఏడ్చేసింది. “మరి ఇంటికెప్పుడు?”

“అదే చిక్కు,” అంది మిసెస్ హార్‌గ్రీవ్. “మార్కులు పన్నెండు దాటితే సహాయం అక్కర్లేని మనిషి కిందే లెక్క. కౌన్సిల్ సహాయకురాలిని ఇవ్వదు.”

“ఇవ్వకపోతే పోనీండి! ఒక్కతే ఉంటుంది.”

“తోడు లేని ఇంటికి ఆస్పత్రి పంపదమ్మా.”

“నేను లేనా తోడు?”

“బంధువులు తోడు కింద రారు.”

“పోయినేడు కప్పు జారిందని ఆరు వేసి, ఇంటికి పనికిరాదన్నారు!”

“అన్నాం. ఎనిమిదైనా రాకపోతే పనికిరానట్టే కదా.”

“మీకసలు సిగ్గుందా?”

“నిబంధనలు నేను రాయలేదు. మళ్లీ ఏడాది చూద్దాం.” మిసెస్ హార్‌గ్రీవ్ బిస్కెట్టు టీలో ముంచింది. “బాగా తయారుచేశారు మీరు. కొంచెం ఎక్కువే చేశారు.”

జోసీ కిటికీ వైపు తిరిగింది. నోరీన్ మాత్రం ఒక్కొక్కరి నోటి వంక చూస్తూ ప్రతి మాటా వింటోంది.

“పన్నెండొస్తే ఇంటికెళ్లేదాన్నా?” అని అడిగింది.

“వెళ్లేదానివి తల్లీ,” అంది మిసెస్ హార్‌గ్రీవ్ దయగా.

నోరీన్ కెటిల్ స్విచ్చి వేసి, నీళ్లు మళ్లీ మరిగేదాకా ఓపికగా నిలబడింది. ఇంకో కప్పు పెడుతోందనుకుని ఎవరూ ఆపలేదు. ఆమె కెటిల్ ఎత్తి, ఒక్క చుక్కయినా పక్కకు పోకుండా, తన ఎడమచేతి మీద పోసుకుంది.

“ఇప్పుడు పన్నెండేనా?” అంది.