కారుకి తగ్గ కారవాన్

“పొయ్యి పీకేస్తేనో?” అన్నాడు క్లిఫర్డ్.

కారు వెనక తగిలించి లాక్కెళ్ళే చక్రాల ఇళ్ళు, కారవాన్లు అమ్మే ట్రెవర్ కాయితం మీద లెక్కలోంచి పొయ్యిని కొట్టేశాడు. “ఇంకా నలభై కిలోలు ఎక్కువేనండీ. కారవాన్ బరువు కారు బరువులో నూటికి ఎనభై అయిదు వంతులు దాటకూడదు. దాటిందా, రోడ్డు మీద కాస్త గాలి కొడితే చాలు, వెనకది ఊగి ముందుదాన్ని గోతిలో పడేస్తుంది. మీ కారేమో పిచ్చుక.”

“మరుగుదొడ్డి తీసెయ్.”

“క్లిఫర్డ్!” అని కారవాన్ లోంచి కేక. భార్య విన్నీ రెండు గంటలుగా ఆ సోఫా దిగలేదు. పక్కన ఫ్లాస్కులో టీ, ఒళ్ళో అల్లిక.

“సరే, మంచం కూడా తీసెయ్.”

“అప్పుడు సరిపోతుంది. చక్రాలూ కిటికీలూ మిగుల్తాయి,” అని నిట్టూర్చాడు ట్రెవర్.

క్లిఫర్డ్ గర్వంగా లోపలికి తల పెట్టాడు. “విన్నీ! స్కాట్లాండ్ వెళ్ళొచ్చు! కింద పడుకుందాం!”

“నువ్వెళ్ళు. ముప్ఫయ్యేళ్ళ నుంచీ ఏ సెలవుకి బయల్దేరినా, దారి నువ్వు తప్పావంటే నువ్వు తప్పావని రోడ్డు మీదే కొట్టుకు చచ్చాం. ఇవాళ ఒక్కసారే అరిచాను. అదీ మరుగుదొడ్డి గురించి.”

క్లిఫర్డ్ లోపలికెక్కి ఆవిడ పక్కన కూర్చున్నాడు. ఆవిడ టీ అందించింది. బయట వాన మొదలైంది. ఎటూ కదలని కిటికీలోంచి అది బాగానే ఉంది.

కప్పు ఖాళీ అయ్యాక పిలిచాడు. “ట్రెవర్ బాబూ, దీన్ని లారీ మీద తెచ్చి మా పెరట్లో దించుతావా?”

“మరి దీంట్లోంచి ఏం పీకమంటారు?”

“ఏమీ వద్దు. ఇంతసేపూ తప్పు లెక్క వేశాం. కారొక్కటి తీసేస్తే సరిపోయేది.”