ఎలట్రీషన్‌కి ఎంతొస్తాది?

“ఎలట్రీషన్ పని సేసినోడికి నెలకి ఏమాత్రం వస్తాది బాబూ?”

తన షాపులో స్విచ్‌బోర్డుకి మరలు బిగిస్తున్న గిరిబాబు తలెత్తాడు. మెట్ల కింద చెప్పులు విడిచి ఓ యాభై ఏళ్ళ ఆవిడ నిలబడి ఉంది. ఎండకి ముఖం కమిలిపోయింది. పేరు సుభద్రమ్మట. బొబ్బిలి దగ్గర పల్లె నుంచి బస్సెక్కి రాజాం వచ్చిందట.

“ఎవరి గురించమ్మా?”

“మా పెద్దోడు పృథ్వీరాజు గురించి. ఐటీఐ సదివినాడు. ఇరవయ్యారేళ్ళు.”

గిరిబాబుకి విషయం తెలిసిపోయింది. పెళ్ళి సంబంధం. ఆడపిల్లవాళ్ళు సంపాదన సంగతి అడిగి ఉంటారు. స్టూలు ఇటు జరిపాడు.

“కూకోండి. ఉన్నమాట సెప్పెస్తాను, ఏటీ అనుకోకండి. రోజుకి ఎనిమిదొందలు. అలాగని నెలంతా పనుండదు. ఇళ్ళు లేచిన్నాళ్ళు అన్నం తినడానికి తీరికుండదు, వానలు పట్టినాయంటే ఇలాగ ఈగలు తోలుకోడమే. పద్దెనిమిది రోజులు దొరికితే గొప్ప. పద్నాలుగు వేలు ఏసుకోండి.”

ఆవిడ ముఖం చిన్నబోయింది.

“అంతేనా? పదేళ్ళు పోతే?”

“పదేళ్ళు పోతే నాలాగ షాపు ఎట్టుకోవచ్చు. అద్దె కట్టగా మిగిలింది తినొచ్చు.”

“గవర్నమెంటు పోస్టేదైనా…”

“సబ్‌స్టేషన్లో ఓ కాంట్రాక్టు పోస్టు పడితే రెండొందల మంది ఎగబడతన్నారమ్మా.”

సుభద్రమ్మ స్టూలు మీద ముందుకి జరిగింది. తర్వాత అడిగింది. “బాగా సంపాదించినోలు ఒక్కలూ లేరా బాబూ?”

ఆ అడగడం చూస్తే గిరిబాబుకి జాలేసింది. ఖాయమవబోయే సంబంధాన్ని తన నోటితో చెడగొడుతున్నానేమో అనిపించింది.

“ఎందుకు లేరు? విశాపట్నం కంపెనీల్లో పాతికేలు ఇస్తన్నారు. దుబాయెళ్తే యాభై. ఇప్పుడు డాబాల మీద సోలారు పలకలు బిగించడం వచ్చినోడికి మంచి గిరాకీ.”

“మావోడికి సోలారు వొచ్చు!” ఆవిడ ముఖంలోకి వెలుగొచ్చింది. “పొందూర్లో ఓ డాబాకి ఒక్కడే బిగించినాడు. ఆ ఇంటోలు బిరియానీ ఎట్టించి పంపినారు.”

“అయితే ఇంకేటి? మంచి పనోడే.”

“ఎన్నేళ్ళొచ్చేదాకా సెయ్యొచ్చు బాబూ ఈ పని?”

“ఒంట్లో ఓపికుంటే అరవై దాకా. నలభైకి కాంట్రాక్టరైపోతే నిచ్చెనెక్కక్కర్లేదు కూడాను.”

అరవై, అరవై అని ఆవిడ లోలోపల అనుకుంది. తర్వాత చేతులు జోడించింది.

“ఆ ముక్కే ఓ కాయితం మీద రాసి సీలేసి ఇత్తావా? నెలకి పాతికేలని.”

గిరిబాబు వెనక్కి తగ్గాడు.

“మీవోడు నా దగ్గర సెయ్యలేదు కదమ్మా!”

“వాడి పేరొద్దు. ఈ పని తెలిసినోడికి ఇంత వస్తాదని రాయి, సాలు. రెండు షాపులు తిరిగినాను. కాయితమనీసరికి పనుందని లేచిపోనారు.”

“రాయకూడదమ్మా. మా సెల్లి దుర్గాభవానికి ఇలాంటి కాయితమే సూపించి పెళ్ళి సేసుకున్నారు. కంపెనీలో సూపరువైజరన్నారు. తీరా సూస్తే ఏ పనీ లేదు. ఇప్పుడది పలాసలో జీడిపిక్కలు కొట్టుకుని బతుకుతోంది. వేళ్ళన్నీ జీడి సొన కారి కాలిపోనాయి. నా సేత్తో ఇంకో ఆడపిల్ల గొంతు కొయ్యమంటారా?”

సుభద్రమ్మ అతని వైపు తేరిపార చూసింది.

“ఏ ఆడపిల్లకీ అన్నేయం జరగదు బాబూ. నా మాట నమ్ము.”

“పద్నాలుగని రాస్తాను. అది నిజం.”

“పద్నాలుగంటే నా బిడ్డకి ఇలవే లేదు. షాకులు తిని, సేతులు కాల్చుకుని నేర్సుకున్నాడు బాబూ ఆ పని. దానికి ఇలవ అంతేనా? నువ్వే సెప్పు.”

గిరిబాబు తన అరచేతి వైపు చూసుకున్నాడు. బొటనవేలి కింద నల్లగా కాలిన మచ్చ. ఇరవై ఏళ్ళ కిందట తనకొచ్చిన సంబంధం ఒకటి, ‘కరెంటు పనోడా!’ అన్న ఒక్క మాటతో వెనక్కి పోయింది. ఆ రోజు తన విలువ పాతికవేలని రాసిచ్చేవాడు ఒక్కడూ లేకపోయాడు.

సొరుగులోంచి లెటర్‌ప్యాడ్ తీశాడు. ఈ పని తెలిసినవాడు నెలకి పాతికవేల వరకు సంపాదించగలడనీ, అనుభవం పెరిగేకొద్దీ ఆదాయం పెరుగుతుందనీ, అరవై ఏళ్ళ దాకా పనికి ఢోకా లేదనీ రాశాడు. సంతకం చేస్తున్నప్పుడు చెల్లెలి వేళ్ళు కళ్ళ ముందు మెదిలి చెయ్యి ఒక్క క్షణం ఆగింది. అయినా సీలు గుద్దేశాడు.

సుభద్రమ్మ పమిట చెంగుతో కళ్ళొత్తుకుంది.

“ఇంత సంతోషంలో ఏడుస్తారేటమ్మా,” అన్నాడు గిరిబాబు నవ్వి. “పైన ఎవరికని రాయను? పెళ్ళికూతురి తండ్రి పేరు సెప్పండి.”

“జడ్జీగారికని రాయి బాబూ, నా బిడ్డని సంపేసిన లారీ కేసులో.”